పాపకు నడక కంఠతా నేర్పించాను

తల్లి కడుపులో ఎముకకు ఎముకను జతచేసే దేవునికి స్తోత్రం. ఆయన చేతిలో రూపుదిద్దుకున్న ఏ బిడ్డా ఆయనకు పొరపాటు కాదు. ఈ మాట నేను సంఘంలో పాడుతాను, పిల్లలకు నేర్పుతాను. అయినా నాకు భయమే.

మా పాపకు ఆరేళ్ళు. నెలలు నిండకుండా పుట్టింది. నడిస్తే మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి, నిలబడితే నడుము ఒక పక్కకు ఒరుగుతుంది. కర్నూలులో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఆపరేషను సంగతి తర్వాత. ముందు కాళ్ళ మీద పాపకు ఎంత పట్టు ఉందో పరీక్ష చేయించుకుని రండి" అని చీటీ రాశాడు. పరీక్షకు వారం గడువు ఉంది.

ఆపరేషను అన్న మాట తప్ప నాకింకేమీ వినపడలేదు. మా సంఘంలో ఒకామె మోకాలికి ఆపరేషను చేయించుకుని మంచానికే పరిమితమైంది. ఆమె కోసం ప్రార్థన చేసిన ప్రతి ఆదివారం పాప కాళ్ళే కళ్ళ ముందు మెదిలేవి.

పదేళ్ళుగా నేను సండే స్కూలు చెబుతున్నాను. బహుమతులిచ్చే బైబిలు వాక్యాల పోటీకి పిల్లలను తయారుచేయడం నాకు చేతనైన పని. వాక్యాన్ని ముక్కలు చేసి, తప్పు పోయేదాకా చెప్పించాలి. ఈ పరీక్షలో ఏముంటుందో ఆసుపత్రిలో ఇంకో తల్లిని అడిగి తెలుసుకున్నాను. గీత మీద నడవాలి, ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలవాలి. కల్లూరులో మా ఇంటి నేల నాపరాళ్ళది. రెండు వరుసల మధ్య అతుకు మీద, వంటింటి నుంచి వాకిలి దాకా పదకొండు అడుగులు, రోజుకు ఇరవైసార్లు నడిపించాను. ఏ అడుగుకు చెయ్యి ఎటు చాపాలో కూడా నేర్పాను. ఇందులో నెగ్గితే కోత తప్పుతుందని నా నమ్మకం.

"ఏమే, బిడ్డను సర్కసుకు పంపిస్తాండావా?" అన్నాడు మా ఆయన. నేను పాపను మళ్ళీ వంటింటి దగ్గర నిలబెట్టాను.

పరీక్ష చేసే మేడం నేల మీద తెల్ల టేపు అంటించింది. పాప పెదవులు కదిలిస్తూ పదకొండు అడుగులూ తప్పకుండా నడిచింది. ఒంటికాలి మీద నిలిచింది. "శానా బాగుండాది పాపా!" అంటూ మేడం కాగితం మీద టిక్కులు పెట్టింది. వారం తర్వాత అప్పుడే నాకు ఊపిరి ఆడింది.

పాప ఆమె చున్నీ పట్టుకుంది. "మేడం, నా బహుమతి యాడ?"

"ఏం బహుమతి?"

"తప్పు లేకుండా నడిస్తే ఇస్తారంట గదా. అమ్మ రోజూ నేర్పించింది."

మేడం పెన్ను ఆగింది. "నిజమేనామ్మా?"

పాపను దగ్గరకు లాక్కున్నాను. "ఆపరేషను రాస్తారని భయపడి నేర్పించినా మేడం."

"అయ్యో తల్లీ! పట్టు బాగుండాదని నేను రాస్తేనే డాక్టరు ఆపరేషనుకు తొందరపడతాడు. ఎముక సరిచేసినాక ఆ కాలును ఆడించే బలం బిడ్డకు ఉండాల గదా. అది లేకుండా కోస్తే ఇప్పుడుండే నడక గూడా పోతాదేమో."

దేన్ని తప్పించాలనుకున్నానో దాని దగ్గరికే పాపను నా చేతులతో నడిపించాను.

మేడం కొత్త కాగితం తీసింది. పాప చేతికి నీళ్ళ గ్లాసు ఇచ్చి, "ఇస్కూల్లో ఎవరితో కొట్లాడతావో చెప్పుకుంటా రా" అంది. నాలుగో అడుగులో మోకాళ్ళు తగులుకున్నాయి. నీళ్ళు ఒలికాయి. పాప పడబోతుంటే నేను లేచాను. "నువ్వు కూచోమ్మా" అని మేడమే పట్టుకుంది. తర్వాత పాపను బల్ల మీద కూర్చోబెట్టి, కాలు కదపకుండా ఒక పాదం మాత్రమే పైకెత్తమంది. పాప ఎత్తబోతే కాలంతా లేచింది, దానితో పాటు రెండో కాలూ లేచింది. మేడం రాసుకుంటూ పోయింది.

"ఆర్నెల్లు వ్యాయామం చేయించు, మళ్ళా చూద్దాం. ఈసారి పరీక్షకు మాత్రం నేర్పించొద్దు తల్లీ."

వచ్చే మంగళవారంతో ఆర్నెల్లు నిండుతాయి. పాదం కొద్దిగా విడిగా కదులుతోందని నాకు అనిపిస్తుంది, కానీ నా కళ్ళను నేను నమ్మలేకపోతున్నాను. పట్టు వస్తే ఆపరేషను, రాకపోతే ఏమంటారో తెలియదు. పాప బాగా చేయాలని దేవుణ్ణి అడగడానికి కూడా భయంగా ఉంది. ఆ రోజు పాపకు ఉన్న పట్టు ఉన్నట్టే మేడంకు కనపడాలనీ, డాక్టరు చెప్పేది విని నిలబడే బలం నాకు రావాలనీ, ఇది చదువుతున్న మీరు కూడా నాతో కలిసి ప్రార్థించండి.