ఆవిడ పలికిన పేరు

నేను నూజివీడులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. పోయిన వేసవిలో ఒక ఉదయం మా కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరో సైబర్ దాడి చేసి, తెరవడానికి వీల్లేకుండా తాళం వేసేశారట. ఫోన్ నంబరు కొడితే చాలు, రోగి వివరాలన్నీ చూపించే తెరలు నల్లగా ఉండిపోయాయి.

అప్పుడే, ఆగిరిపల్లి దగ్గర తోటలో మామిడికాయలు కోస్తూ కుప్పకూలిన ఒక పెద్దాయన్ని భార్య ఆటోలో తీసుకొచ్చింది. ఆయన గుండెజబ్బుకి మా దగ్గరే చూపించుకునేవాడు. ఏ మందులు వాడుతున్నాడో తెలియాలంటే ఇక పేర్ల వరసలో పెట్టిన పాత ఫైళ్ళు వెతకాల్సిందే.

"పేరేంటమ్మా?"

"మా ఆయనండీ," అంది తల దించుకుని.

"ఆయన పేరు చెప్పమ్మా, తొందరగా!"

"మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుద్దంటారండీ..."

నాకు ఒళ్ళు మండి గట్టిగా అరిచాను. ఆవిడ కళ్ళు మూసుకుని, "కోటేశ్వరరావండీ" అంది.

ఫైలు దొరికేసరికే ఆయన ప్రాణం పోయింది.

చాలాసేపటికి ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నేను పేరు పలికినందుకేనా అమ్మా?"

కాదన్నాను. ఎవడో మా కంప్యూటర్లకి తాళం వేశాడని చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

వాడెవడో ఇప్పటికీ తెలియదు. వాడి పాపం మాత్రం ఆవిడ మోస్తోంది.