కొండ పలికేదాకా

ఈ ఉదయం హిందూపురంలో మా ఇంటి వెనక ఖాళీ స్థలాల్లో ఒక కౌజు పిట్ట కూసింది. నేను కాఫీ గ్లాసు దించి, ఏదో అడగబోతున్న మా ఆవిడను ఆగమని చెయ్యి ఎత్తాను. పెళ్లయిన నాటి నుంచి ఆమెను విసిగిస్తున్న ఈ అలవాటును నాకు అంటించినవాడు ఓబులేసు. అరవైల మొదట్లో నేను పెనుకొండలో సైన్సు చెప్పిన బడికి ఆయన బంట్రోతు.

నేను ధర్మవరం మగ్గాల మధ్య పుట్టినవాణ్ణి. మగ్గం చప్పుడులో తేడా వస్తే నిద్రలోనైనా తెలిసేది గానీ, కాకినీ కోకిలనూ మించి పిట్టలు తెలియవు. ఓబులేసు బడి గంట కొట్టడానికి ముందు ఇంకో పని చేసేవాడు. తెల్లవారగానే పెంపుడు కౌజును పంజరంలో కొండ కింది బీడుకు తీసుకుపోయి, చుట్టూ ఉరులు పన్నేవాడు. అది కూస్తే, తన చోట్లో ఎవరు దూరారని అడవి కౌజు కయ్యానికి పరుగెత్తుకొచ్చి ఉరిలో పడేది. దొరికినవి హోటలుకు పోయేవి. నాకిది దుర్మార్గంగా తోచింది. పక్షుల్ని కాపాడాలని తరగతిలో గంటసేపు ఊదరగొట్టాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు, బడి వదలగానే జేబుల్లోంచి ఉండేళ్లు తీశారు.

అంతటితో ఊరుకోక, ఒకరోజు ఓబులేసు లేడనుకుని పంజరం తలుపు తీశాను. కౌజు బయటికొచ్చి, బడి వరండాలో రెండు చుట్లు తిరిగి, నా చెప్పును పొడిచి చూసి, మళ్లీ లోపలికి పోయి కూర్చుంది. వెనక ఓబులేసు పడీ పడీ నవ్వాడు.

"అది యాడికి పోతాది సామీ? పిలిస్తే పలికేదొకటి ఉండల్ల గదా. మూడు దినాలుగా ఒక్కటీ పలకల్యా."

ఆ మాట అన్నాక ఆయన నవ్వు ఆగిపోయింది.

మరునాడు నన్నూ వెంట తీసుకుపోయాడు. బండ మీద పంజరం పెట్టాడు. కౌజు కూసి, మెడ చాచి విని, మళ్లీ కూసింది. ఎండెక్కేదాకా కొండ నుంచి బదులు రాలేదు. నాకు భయం వేసింది.

"నా చిన్నప్పుడు ఈడ ఒకటి కూస్తే ఏడు తావుల్లో పలికేటివి," అన్నాడు ఓబులేసు. పంజరం వంక చూస్తూ, "అన్నీ నేనే పట్టేస్తినేమో సామీ," అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు పంజరం నేను మోశాను.

ఆయన ఒట్లేమీ పెట్టుకోలేదు. ఉరుల్ని చూరులో దోపి, పంజరాన్ని మాత్రం రోజూ తీసుకుపోయాడు. ఆదివారాలు నేను పిల్లల్ని వెంటబెట్టుకుని పోయేవాణ్ణి. "నోరు మూసుకోని చెవులు తెరవండప్పా," అన్నదొక్కటే ఆయన పాఠం. కౌజు కోసం చెవులు రిక్కించిన పిల్లలకు పికిలిపిట్టలు, తీతువులు వినబడసాగాయి. ఉండేళ్లు ఎప్పుడు మానేశారో నేను గమనించలేదు. ఓబులేసు దొంగచాటుగా పిట్టల్ని పడుతున్నాడేమోనని తక్కిన వేటగాళ్లు చూడవచ్చారు. వాళ్లూ బండ మీద కూర్చుని, ఒక్క బదులూ వినక, తలలు వంచుకుని పోయారు. ఆ బీడులో ఇక ఉరులు పన్నలేదు. ఒక గొర్రెల కాపరి, "గుడ్లు పెట్టే నెలల్లో మందను ఈ పక్కకు తోలను లేన్నా," అన్నాడు.

రెండో ఏడు వానలు వెలిశాక, ఒక ఉదయం కొండ మీద నుంచి సన్నగా బదులొచ్చింది. పిల్లలు కొండ వైపు వేళ్లు చూపారు. మా కౌజు రెచ్చిపోయి కూసింది. ఓబులేసు కళ్లు తుడుచుకుని, పంజరం మీద కండువా కప్పేశాడు.

"వినీ వినక ముందే ఎందుకన్నా?" అన్నాను ఉక్రోషంగా.

"మన్ది ఇంకా పిలిస్తే అది గూడు ఇడిసిపెట్టి కయ్యానికొస్తాది సామీ. పలికింది గదా, చాలు. పాండి."

ఆ పంజరం మళ్లీ బీడు మొహం చూడలేదు. ఆ రోజు ఆయన మీద కోపం వచ్చిన మాట నిజం. అంత ఎదురుచూసినదాన్ని విని, లేచి వచ్చేయగలగడం నాకు చాలా ఏళ్లకు గానీ చేతకాలేదు.

ఈ ఉదయం కాఫీ చల్లారిపోయింది. కూసిన కౌజుకు బదులు రాలేదు. రేపు మనవరాలిని కూడా లేపి, పక్కన కూర్చోబెట్టుకోవాలి.