పాస్‌వర్డ్ మర్చిపోని ఉద్యోగిని

నీటి సరఫరా కార్యాలయంలో మూడో అంతస్తు చివరి గది అతనిది. జీతం కాగితాల్లో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అని ఉన్నా, అందరికీ అతను తాళాలాయనే. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడితే, గుర్తింపు కార్డు చూసి, తాత్కాలికంగా ఒకటి ఇచ్చి, సిస్టమ్‌లోకి వెళ్లగానే మార్చుకోమని పంపేవాడు. పదకొండేళ్లుగా అదే పని.

రెండేళ్ల కిందట అతనే పట్టుబట్టి ఒక ఉత్తర్వు తెప్పించాడు. పాస్‌వర్డ్ పద్నాలుగు అక్షరాలకు తగ్గకూడదు, నెలనెలా మార్చాలి, పాతదాని పోలిక ఉండకూడదు. భద్రత పెరిగిందో లేదో గానీ గుమ్మం ముందు జనం పెరిగారు. ఇంజనీరు తన భార్య పుట్టినరోజు పెట్టుకుని అదీ మర్చిపోయాడు; ఆ సంగతి పొరపాటున కూడా ఇంటిదాకా పోనివ్వొద్దని బతిమాలాడు. మేనేజరయితే నెలకు మూడుసార్లు. కొరివితో తల గోక్కున్నానని తాళాలాయనకు తెలిసొచ్చింది. ఉత్తర్వు వెనక్కి తీసుకోమందామంటే మొహం చెల్లలేదు.

ఇంట్లో చెప్పుకుని వాపోతే భార్య, మర్చిపోయేవాళ్లని తిట్టడం మాని గుర్తుపెట్టుకునేవాళ్లని మెచ్చుకోమంది. సబబుగానే తోచింది. జాబితా తీశాడు. నూట నలభై మందిలో, రెండేళ్లలో ఒక్కసారి కూడా అతని గుమ్మం తొక్కని మనిషి ఒక్కరే తేలారు: కింది అంతస్తులో కొత్త కనెక్షన్ల రికార్డులు చూసే పెద్దావిడ. మేనేజరు ముచ్చటపడి ప్రశంసాపత్రం మీద సంతకం చేశాడు. పై ఆఫీసుకూ ఒక కాపీ పంపాడు.

తాళాలాయన స్వయంగా పత్రం పట్టుకుని కిందికి దిగాడు. ఆవిడ లావుపాటి రిజిస్టరులో ఏదో రాసుకుంటోంది. కంప్యూటరు మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంది, దాని మీద కళ్లజోడు పెట్టె. ఆవిడ పత్రం రెండుసార్లు చదువుకుంది.

"ఇదెందుకు నాయనా?"

"రెండేళ్లలో ఒక్కసారి కూడా పాస్‌వర్డ్ మర్చిపోనందుకు, అక్కయ్యగారూ."

"ఉంటేగా మర్చిపోవడానికి."

దాపరికమేమీ లేదు. కంప్యూటరు పెట్టిననాడు ఆవిడ సెలవులో ఉంది. తిరిగొచ్చాక ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. అంతలో ఇంజనీరు వచ్చి, కొత్త కాలనీలో పైపు ఎప్పుడు వేశారో చెప్పమన్నాడు. ఆవిడ రెండు పేజీలు తిప్పి తేదీ చెప్పింది. అతని వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. పొద్దున్న తన గుమ్మంలో ఉన్నది వీళ్లేనని తాళాలాయన గుర్తుపట్టాడు. ఆఫీసు తన చేతిమీద నడుస్తోందని ఇన్నాళ్లూ అనుకున్నాడు పాపం.

పైకొచ్చి చూస్తే ఆవిడ ఖాతా ఒక్కసారైనా తెరిచిన జాడ లేదు. ముందే చూడాల్సిన మనిషి తనే. సిగ్గు విడిచి మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పాడు.

మేనేజరు అడిగాడు: "ఆవిడ పాస్‌వర్డ్ మర్చిపోలేదన్నది అబద్ధమా?"

"కాదండి."

"మరింకేం."

వారం తిరక్కుండానే పై ఆఫీసునుంచి ఉత్తరం దిగింది: సదరు ఉద్యోగిని పాటించే పద్ధతి ఏమిటో రాసి పంపితే అన్నిచోట్లా అమలు చేస్తామని. రాసే పని తాళాలాయన నెత్తినే పడింది. రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాడు. అబద్ధం రాయడానికి మనసొప్పలేదు. నిజం రాస్తే అందరి పరువూ గంగలో కలుస్తుంది. చివరికి ఒక్క వాక్యం రాశాడు: "ఈమె నియామకం నాటినుంచి ఏనాడూ పాస్‌వర్డ్ మార్చలేదు."

నెలనెలా మార్చే నిబంధన రద్దయింది. పై ఆఫీసు ఆ తెలివికి ఆవిడను ఇంకోసారి అభినందించింది. తాళాలాయన గుమ్మం ముందు జనం పలచబడ్డారు. తీరిక దొరికిన మధ్యాహ్నాలు అతను కిందికెళ్లి కూర్చుంటున్నాడు. ఆవిడ రిజిస్టరు చదువుతుంటే అతను కంప్యూటరులోకి ఎక్కిస్తాడు. తొందరపడితే ఆవిడ ఊరుకోదు, ప్రతి వరసా మళ్లీ చదివించుకుంటుంది. ఇప్పటికి రెండు వీధుల లెక్కలయ్యాయి.