సబ్బక్క చేతులు

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఉంచే ఆ వార్డులో ఆమెను అందరూ సబ్బక్క అనేవారు. నర్సుగా చేరినప్పటి అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. తలుపు దగ్గర నిలబడి, పెద్ద డాక్టరైనా సరే, "ఏదీ, చేతులు చూపించండి సార్" అనేది. గోళ్ళ సందులు కూడా వదిలేది కాదు. ఇంట్లో అన్నానికి కూర్చున్నా అదే తంతు. "మేం నీ పేషెంట్లం కాదు తల్లీ, ఆకలేస్తోంది" అని మొగుడు దండం పెట్టేవాడు. కానీ ఆ వార్డు పిల్లలు కిలో బరువు కూడా తూగరు. వాళ్ళ నరంలో పెట్టిన సన్నని గొట్టం వెంట ఒక్క క్రిమి లోపలికి పోయిందంటే చాలు, రక్తమంతా పాకుతుంది. అందుకే ఆమె చాదస్తాన్ని అందరూ నవ్వుతూనే భరించేవారు.

సబ్బుతో కడిగి కడిగి, ఆ చలికాలం ఆమె వేళ్ళ కణుపులు పగిలాయి. చేతికి పుండుంటే చెప్పి పక్కకు తప్పుకోవాలి, పిల్లల్ని ముట్టుకోకూడదు. కొత్తవాళ్ళకు ఆ నియమం నేర్పేది కూడా ఆవిడే. కానీ తను లేకపోతే వీళ్ళు సరిగ్గా కడుక్కుంటారా అనుకుంది. ఇంట్లో మందు రాసుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చేది. అందరి చేతులూ చూసే మనిషి చేతులు ఎవరు చూస్తారు? ఎవరూ చూడలేదు.

కిటికీ పక్క వెచ్చటి గాజుపెట్టెలోని పిల్లాడికి పాలు కడుపులో నిలవడం మానేశాయి. ఒళ్ళు చల్లబడింది. ఊపిరి మధ్యమధ్యలో ఆగుతోంది. రక్త పరీక్షలో క్రిమి బయటపడింది. వార్డులో పనిచేసేవాళ్ళందరి చేతుల మీదా దూదిపుల్లలతో తుడిచి పరీక్షకు పంపారు. ఫలితాలు రాగానే పెద్ద డాక్టరు ఆమెను తన గదిలోకి పిలిచాడు.

"అదే క్రిమి మీ చేతి పగుళ్ళలోనూ ఉందమ్మా. మీ నుంచి వాడికొచ్చిందో, వాడి నుంచి మీకొచ్చిందో చెప్పలేం. తగ్గేదాకా లోపలికి రాకండి."

"సరే సార్," అంది. కంచే చేను మేసిందన్న సామెత గుర్తొచ్చింది, అదీ ఇంకెవరి గురించో అన్నట్టు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. బల్ల మీద పెన్నుకు మూత లేదని మాత్రం కనిపించింది.

వరండాలో పిల్లాడి తల్లి ఎదురొచ్చి ఆమె రెండు చేతులూ గబుక్కున పట్టుకుంది.

"అక్కా, ఎక్కడికెళ్ళారు? వాడికి మందు మార్చారంట. మీరుంటేనే నాకు ధైర్యం. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకండి, మీరే చూసుకోండి."

డ్యూటీ మారిందంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"నేను ముట్టుకోకూడదమ్మా," అంది సబ్బక్క. తన గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టుంది. "వాడికొచ్చిన క్రిమి నా చేతుల మీదా ఉంది. పుండ్లున్నా చెప్పకుండా పనిచేశాను. నా నుంచే వచ్చి ఉండొచ్చు."

ఆ తల్లి ఆమె మొహంలోకి చూసింది. మెల్లగా చేతులు వదిలేసింది. వార్డు తలుపు పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బక్కను తాకిన చేతుల్ని మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కోసాగింది.

సబ్బక్క అలవాటు కొద్దీ చూస్తూ నిలబడింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.