దర్జీ కుడికాలు

మిషన్ ముందు కూర్చునేటప్పుడు దర్జీది ఎప్పుడూ ఒకే వరస. చెప్పులు పక్కకి విడుస్తాడు. కుడి అరికాలు ఎడమ పిక్కకి రుద్దుతాడు. ఆ తర్వాతే పెడల్ మీద పెడతాడు. ఎందుకని పెళ్లయిన కొత్తలో భార్య అడిగింది. "మిషన్ మాట్లాడేది అరికాలితోనే," అన్నాడు.

షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. మాత్ర మరవడు, తీపి ముట్టడు. పాదాలు మొద్దుబారిన సంగతి మాత్రం కడుపులోనే దాచుకున్నాడు. చెబితే మిషన్ దిగమంటారని భయం. అతనికి మరో పని రాదు, అక్కర్లేదు కూడా.

ఆ సాయంత్రం నీళ్లకని లేచి నడిచాడు. గచ్చు టిక్కుమంది. మళ్లీ అడుగు, మళ్లీ టిక్కు. కాజాలు కుడుతున్న భార్య తలెత్తింది.

"గడియారం మింగారా ఏంటి?"

"గచ్చు లేచినట్టుంది."

"లేచిన గచ్చు మీ వెంట నడిచొస్తోందా? ఏదీ, కాలెత్తండి."

ఎడమ మడమలో గుండుసూది. తల ఒక్కటే పైకి ఉంది. ఆమె ముఖం పాలిపోయింది. అతనికి చీమ కుట్టినట్టయినా లేదు.

వీధి చివరి క్లినిక్‌లో సూది తీసి, కడిగి, కట్టు కట్టారు. "ఎముకకి తగలకుండా పక్కకి దిగింది కాబట్టి బతికిపోయారు," అంది నర్సు. "ఇకమీదట చెప్పులు మాని బూట్లు వేసుకోండి, ఇంట్లో కూడా తియ్యొద్దు. వేసుకునే ముందు లోపల చేత్తో తడమండి. రోజూ అద్దంలో అరికాళ్లు చూసుకోండి. కాస్త ఎర్రబడినా ఆగకుండా రండి."

భార్య భుజం పట్టుకుని తిరిగొస్తూ గొణిగాడు. "బూటేసుకుని తొక్కితే అది కుట్టు కాదు, దుక్కి."

"మీ కాలు మీకు చెప్పదు. నేను చెబితే మీరు వినరు. ఇంకెవరొచ్చి చెప్పాలి?"

కొట్టులోకి రాగానే అతని ముందు ఒక గుడ్డముక్క పడేసింది. "కుడికాలు బాగానే ఉందిగా, కుట్టండి."

కుట్టాడు. గీత గీసినట్టు వచ్చింది. ఆమె అతని రెండు చెవుల్లోనూ దూది కుక్కి, మళ్లీ కుట్టమని సైగ చేసింది.

చక్రం వెనక్కి తిరిగింది. దారం తెగింది. ఇంకోసారి ఎక్కించాడు, ఇంకోసారి తెగింది. దూది తీసి తొక్కితే మళ్లీ గీత గీసినట్టే.

దూది ముక్కలు పక్కన పెట్టాడు. "నీకెలా తెలిసింది?"

"పక్కింటివాళ్లు మోటారు వేసినప్పుడల్లా మీరు దారం తెంపుకుంటారు. అరికాలు ఎప్పుడో మానేసింది. దాని ఉద్యోగం చెవి చేస్తోంది, మీకు చెప్పకుండా."

అతనికి నవ్వొచ్చింది. దిగమంటారని తను భయపడ్డ మిషన్ నుంచి కాలు ఎప్పుడో దిగిపోయింది. కుట్టు మాత్రం ఆగలేదు.

మర్నాడు పొద్దున, బేరానికొచ్చినవాళ్లు వీపు చూసుకునే చేతి అద్దం నేల మీద పెట్టాడు. కుడి అరికాలు, వేళ్ల సందులు, తర్వాత ఎడమకాలి కట్టు చుట్టూ చూసుకున్నాడు. మూలనున్న పాత బూట్లు దులిపి లోపల తడిమాడు. ఒక గుండీ దొరికింది. భార్య గుండీల డబ్బాలో వేశాడు. కూర్చోగానే కుడి బూటు అలవాటుగా ఎడమ పిక్కకి రుద్దుకుంది. ప్యాంటుకి దుమ్మంటింది. దులుపుకుని, బూటు పెడల్ మీద పెట్టి, చెవి కొంచెం వంచి, తొక్కాడు.