హమాలీ లింగస్వామి లెక్కల పరీక్ష

పొద్దున పదకొండు దాటింది. మబ్బు పట్టింది కానీ చినుకు లేదు, ఒకటే ఉక్క. లింగస్వామి కడుపులో చాయ్ తప్ప ఏమీ లేదు. తిన్నాక వంగితే నడుము ఇంకా పట్టేస్తుందని, ఆకలైనా పని దిగేదాకా తినేవాడు కాదు. మిర్యాలగూడ రైస్ మిల్లు గోదాములో ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో రాలిన వడ్లు ఊడుస్తున్నాడు. అంతకు ముందు నెల వరకు ఆయన నా జోడీ. బస్తాకు ఆ కొసన ఆయన, ఈ కొసన నేను.

ఆయనది గరిడేపల్లి, నాది నడిగూడెం. ఇద్దరం చిన్నప్పుడే బడి మానేసి హమాలీ పనికి వచ్చినవాళ్లమే. లారీ మీద నుంచి బస్తా దించుతుంటే కాలు జారి ఆయన నడుము పోయింది. ఇక బరువు ఎత్తొద్దన్నారు దవాఖానలో.

మా హమాలీల ముఠాలో ఒక పద్ధతి ఉంది. దెబ్బ తగిలినవాడి వంతు బరువు మిగతావాళ్లం ఒక సీజను మోస్తాం. అతను ఊడుస్తాడు, సంచులు కుడతాడు. సీజను అయ్యాక కూడా ఎత్తలేకపోతే ముఠాలోంచి పోవాలి. ఆ మాట అందరి ముందు మేస్త్రి నోటితో చెప్పాలి.

లింగస్వామికి ఒక దారి దొరికింది. గేటు దగ్గర లారీలు తూచే కాటా మీద కూర్చునే ముసలాయన సీజను చివర మానేస్తున్నాడు.

"టెన్త్ పాసైతే కాటా నీకే ఇస్త లింగస్వామీ. అది లేకుంటే నా చేతిల ఏం లేదు," అన్నాడు మేనేజర్ కృష్ణమూర్తి సార్.

కూతురు శ్రీవాణి పోరు పడలేక ఆయన ముందే ఓపెన్ స్కూల్లో పరీక్షలు కట్టి ఉన్నాడు. అన్నీ గట్టెక్కాయి. లెక్కలే మిగిలాయి.

మిల్లు ఆఫీసులో బిల్లులు కొట్టే లత చెప్తానంది. కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. అన్నం గంటలో గోదాము గచ్చు మీద సుద్దముక్కతో రాసింది: 4x + 10 = 30.

"ఎక్స్ ఒక్కటే ఒక పక్కన మిగలాలి అన్నా. పదిని అవతలికి పంపండి."

ఆయన పదిని పంపి ముప్పైకి కలిపాడు. నలభై. నాలుగుతో భాగించి, ఎక్స్ అంటే పది అన్నాడు.

"మళ్లీ వేసి చూడండి. నాలుగు పదులు నలభై, పైన పది. యాభై అయింది. ముప్పై రావాలి గదా? అవతలికి వెళ్తే ప్లస్సు మైనస్ అయిద్ది."

"ఎట్లయితదమ్మా? ఈ వరసల బస్తా తీసి ఆ వరసల ఏస్తే గాడ పెరుగుతది గని తగ్గుతదా? పుట్టినకాడికెల్లి గదే పని జేస్తున్న."

పక్కన తింటున్న మా ముఠా శ్రీహరి నవ్వాడు. "ఈయన మోస్తే తగ్గుతది చెల్లె. దార్ల సగం గింజలు కారబోస్తడు."

"నువ్వు మూసుకొని తినరాదురా," అన్నాడు లింగస్వామి.

రోజూ అదే తప్పు. నిజానికి నాకూ ఆయన చెప్పిందే సరైనదిగా అనిపించేది. ఒకరోజు లత విసిగి, సుద్దముక్క కింద పెట్టి గేటు వైపు చూపించింది. కాటా మీద లారీ ఆగి ఉంది.

"దాని మీద ఒకే బరువున్న నాలుగు కుప్పలు ఉన్నాయనుకోండి. లారీతో కలిపి ముప్పై టన్నులు. ఖాళీ లారీ పది. ఒక్కో కుప్ప ఎంత?"

"లారీది తీసెయ్యాలె. ఇరవై. నాలుగు కుప్పలంటే... ఐదు."

"మరి లారీని కలపలేదేం?"

ఆయన గచ్చు మీది గీతల్ని మళ్లీ చూశాడు. "అంటే మనం దీన్ని మోస్తలేం. రెండు దిక్కులకెల్లి పది తీసేస్తున్నం."

"అంతే అన్నా."

ఇక ఆగలేదు. బ్రాకెట్లున్నవీ, రెండు పక్కలా ఎక్స్ ఉన్నవీ అన్నీ విడదీశాడు. గోదాము గచ్చంతా ఎక్స్‌లే. ఊడ్చేది ఆయనే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

పరీక్ష సూర్యాపేటలో పడింది. నేను తోడు వెళ్లాను. బస్సు కుదుపులకు దిగేసరికే ఆయన ముఖం పాలిపోయింది. లోపలికి పంపి గేటు బయట కూర్చున్నాను. సగం టైమన్నా కాకముందే గోడ పట్టుకుని బయటికి వచ్చాడు.

"రాలేదా?" అన్నాను.

"అన్నీ అచ్చినయే. కూసునుడే అయితలేదు. సిన్నపిల్లల బెంచి, నడుము కట్టెలెక్క బిగుసుకపోయింది. నిలబడి రాస్త సార్ అన్న. నువ్వొక్కనివి నిలబడితే అందరికి పరేషాన్, కూసో లేకుంటే పో అన్నడు. జర సేపు ఓర్సుకున్న. ఇగ చేతగాలే."

"రాసినకాడికి సరిపోతదేమో."

"పోదు."

సరిపోలేదు. లత ఫోన్లో రిజల్టు చూసి, చాలాసేపు ఆయన దగ్గరికి రాలేదు. వచ్చాక, "మళ్లీ కట్టొచ్చు అన్నా, ఇంకోసారి పెడతారు," అంది.

"అప్పటిదాంక సీజను ఆగదమ్మా."

కాటా పనికి మేళ్లచెరువు నుంచి పవన్ అనే అతను వచ్చి, ముసలాయన దగ్గర నేర్చుకోసాగాడు. లింగస్వామి ఆ పక్కకు పోకుండా గోదాములోనే ఊడ్చుకుంటూ ఉండేవాడు. గచ్చు మీద మళ్లీ ఏమీ రాయలేదు.

సీజను చివరి లోడు వెళ్లిన మర్నాడు పొద్దున ఆయన సంగతి తేల్చడానికి ముఠా కూర్చోవాలి. మేస్త్రి సాయిబాబు లింగస్వామికి మేనమామ కొడుకు. చాయ్ గ్లాసు తాగకుండా తిప్పుతూ నా పక్కకు వచ్చాడు.

"ఇగ పొమ్మనే మాట నువ్వే చెప్పరాదా? నీ జోడీ గద."

"నీ బావ గద. మేస్త్రివి గూడ నువ్వే," అన్నాను.

ఎంతకీ లింగస్వామి రాలేదు. ఫోన్ బందైంది. కిరాయి గదికి వెళితే తాళం. ఇల్లు గలామె కమలమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"తెల్లారకముందే ఆటోల సామాను ఏసుకొని పోయిండ్రు. పిల్ల ఏడుస్తుండె. యాడికి పోతున్నరయ్యా అంటే పలకలే. నీకన్న చెప్పలేదా?"

లేదన్నాను.

తిరిగి వచ్చేసరికి ముఠా అంతా గోదాము ముందు చేరింది. ఎదురొచ్చిన సాయిబాబుకు విషయం చెప్పాను. ఆయన గ్లాసు గోడ మీద పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు ముఠా కూర్చోలేదు.