అంచున దిగిన మేకు

కరోనా తగ్గి విశ్వవిద్యాలయంలో తరగతులు మళ్ళీ పూర్తిగా మొదలైన ఏడాది, వేసవి సెలవులకు కొంచెం ముందు, నన్ను మోటారు షెడ్డుకు ఫోర్‌మన్‌గా వేశారు. అంతకుముందు అదే షెడ్డులో మెకానిక్‌గా, తర్వాత సీనియర్ మెకానిక్‌గా పనిచేశాను. పదవీ విరమణ దగ్గరపడ్డాక వచ్చిన పదోన్నతి అది. సంతోషం కంటే అలసటే ఎక్కువగా ఉండేది. ఫోర్‌మన్ అయ్యాక చేతికి గ్రీజు అంటడం తగ్గుతుంది, సంతకాలు పెరుగుతాయి. ఏది బాగుచేయాలి, ఏది తీసేయాలి అన్నది తేల్చి సంతకం పెట్టడమే నా ముఖ్యమైన పని. తీసేయడాన్ని మా భాషలో కండెమ్ చేయడం అంటారు. కండెమ్ అయిన వస్తువు మళ్ళీ ఏ బండికీ ఎక్కకూడదు.

షెడ్డు కింద బస్సులు, జీపులతో పాటు భద్రతా విభాగం గస్తీకి వాడే మోటారు సైకిళ్ళు కూడా ఉండేవి. వాటిలో ఒకదాన్ని మల్లేశం నడిపేవాడు. యాభై దాటిన మనిషి. ఊళ్ళో సేద్యం వదిలి నగరానికి వచ్చి, గార్డుగా చేరి, లాలాగూడలో అద్దెకు ఉండేవాడు. మోకాలు అరిగి ఎక్కువసేపు నిలబడలేకపోతుండడంతో గేటు డ్యూటీ తప్పించి అతనికి గస్తీ బండి ఇచ్చారు.

ఒకరోజు పొద్దున్నే అతను ఆ బండిని తోసుకుంటూ షెడ్డుకు వచ్చాడు. వెనక టైరులో గాలి లేదు. తార్నాకలో పంక్చర్ షాపు ఇంకా తెరవలేదని, తెరిచాక తానే వేయించుకొస్తానని, ఆ రోజు గస్తీకి బండి మాత్రం తనకే ఇప్పించమని అడిగాడు. చూద్దాం ఉండమన్నాను.

ట్యూబు లేని ఈ టైర్లకు పంక్చరైతే మా పద్ధతి ఇదీ. మేకు నేల తగిలే భాగం మధ్యలో దిగితే బాగుచేయవచ్చు. జిగురు పూసిన రబ్బరు పట్టీని రంధ్రంలోకి దూర్చి, పైకి మిగిలింది కోసేస్తే టైరు అరిగేదాకా నడుస్తుంది. పక్క గోడలో దిగితే మరో మాట లేదు, టైరు మార్చాలి. ఆ భాగం చక్రం తిరిగిన ప్రతిసారీ వంగుతుంది, అక్కడ పట్టీ నిలవదు. ఈ రెండింటికీ మధ్య, టైరు పక్కకు ఒంగే చోట, ఒక అంచు ఉంటుంది. అక్కడ దిగితే నిర్ణయం ఫోర్‌మన్‌ది. మల్లేశం టైరులో మేకు సరిగ్గా ఆ అంచునే ఉంది.

టైరు ఊడదీయించి లోపల చూశాను. మేకు నిటారుగా కాక ఏటవాలుగా దిగి, లోపలి దారాలను తెంచింది. గాలి లేకుండా కొంతదూరం నడపడంతో ఆ చోట రబ్బరు నలిగి నల్లటి పొడి రాలుతోంది. బయట నుంచి చూస్తే మాత్రం మంచి టైరు. గీతలు లోతుగానే ఉన్నాయి. కండెమ్ అని రాశాను.

కొత్త టైరు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. భద్రతాధికారి ఫోన్ చేశారు. పరీక్షల సమయంలో ఒక బండి తగ్గితే ఎలా, పంక్చరే కదా, వేయించి పంపకూడదా అన్నారు. కాగితం మీద రాసి ఇస్తే పంపుతానన్నాను. ఆయన రాసి ఇవ్వలేదు, మళ్ళీ అడగనూ లేదు. బండిని షెడ్డులో పెట్టి తాళం వేయించాను. మల్లేశాన్ని తిరిగి తార్నాక గేటుకు వేశారు.

రెండు రోజుల తర్వాత, డ్యూటీ దిగి, కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. గస్తీ బండి గురించి అడుగుతాడేమో అనుకున్నాను. అతను అడిగింది వేరు.

"సార్, ఆ టైరు కొయ్యకుండ్రి. నాకియ్యుండ్రి. నా బండిది గదే సైజు."

కండెమ్ చేసిన టైరును ఎవరూ మళ్ళీ వాడకుండా రిమ్ముకు పట్టుకునే ఇనుప తీగదాకా కోసి పడేయడం నియమం. ఆ పని ఫోర్‌మన్ ఎదుటే జరగాలి. ఇంకా కోయించలేదు. అలా ఇవ్వడం కుదరదని చెప్పాను.

"లోపల ట్యూబు ఏసుకుంట సార్. గాలి పోయేదే ఉండదు."

ఇబ్బంది గాలితో కాదని వివరించాను. టైరుకు బలం రబ్బరుది కాదు, లోపలి దారాలది. అవి తెగినచోట ట్యూబు వేసినా బరువుకీ వేడికీ ఉబ్బి ఒకనాడు పగులుతుంది. అతను అంతా విని, ఒకసారి బయటికి రమ్మన్నాడు.

అతని సొంత బండి వేపచెట్టు కింద నిలబెట్టి ఉంది. వెనక టైరు మీద చేయి పెట్టి చూశాను. గీతలన్న మాటే లేదు, నున్నగా అరిగిపోయింది. ఒకచోట రబ్బరు కింది నుంచి అల్లిక కనిపిస్తోంది.

"పూరా గుండయింది సార్. దీనిమీదనే బిడ్డను రోజు హబ్సిగూడల కాలేజీల దించి డ్యూటీకొస్త. మీరు పనికిరాదన్న టైరు దీనికంటె మంచిగనే ఉన్నది గదా."

రెండు టైర్లూ పనికిరానివే, కానీ పనికిరాకపోవడంలో తేడా ఉంది. ఒకటి తడి రోడ్డు మీద జారుతుంది, ఎప్పుడైనా జారుతుంది. రెండోది పగిలితే వెనక కూర్చున్న మనిషితో సహా ఒక్కసారిగా కింద పడేస్తుంది, పగలకపోనూ వచ్చు. నేను సంతకం పెట్టింది ఒకదాని మీదే. దాన్ని చేతులారా ఒక ఆడపిల్ల కూర్చునే బండికి ఎక్కించలేను.

"నీ టైరు కూడా మార్చు మల్లేశం. ఆలస్యం చేయకు" అన్నాను.

"మార్చాలె సార్. మార్చాలె అనుకుంటనే ఉన్న" అన్నాడు.

లోపలికి వచ్చి టైరు కోయించాను. అతను గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. రంపం తీగకు తగిలి చప్పుడైనప్పుడు తల తిప్పుకుని, బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత గేటు మీదుగా వెళ్తున్నప్పుడల్లా అతను కనిపించేవాడు. కుర్చీ ఉన్నా అధికారుల కార్లు వచ్చేటప్పుడు లేవాలి, లేచిన ప్రతిసారీ గేటు కమ్మీ పట్టుకునేవాడు. నమస్కారం పెట్టేవాడు, మాట్లాడేవాడు కాదు. కొత్త టైరు త్వరగా పంపమని స్టోర్సుకు మళ్ళీ రాశాను. నాకు చేతనైంది అంతే.

గస్తీ బండికి టైరు రాకముందే వానలు వచ్చాయి. మొదటి పెద్ద వాన పడిన పొద్దున మల్లేశం డ్యూటీకి రాలేదు. కూతుర్ని ఎక్కించుకుని వస్తూ తార్నాక మెట్రో స్తంభాల దగ్గర బ్రేకు వేస్తే వెనక చక్రం జారిందని, ఇద్దరూ పడ్డారని గార్డులు చెప్పారు. అతనికి భుజం దగ్గరి ఎముక విరిగింది. వెనక బస్సు డ్రైవరు సమయానికి ఆపగలిగాడు కాబట్టి అంతటితో పోయింది.

ఆదివారం చర్చి అయ్యాక లాలాగూడ వెళ్ళాను. మల్లేశం చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కూతురు శిరీష రెండు అరచేతులకూ పట్టీలు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పట్టీల చేతులతోనే కుర్చీ జరిపి నన్ను కూర్చోమంది. కాసేపు డాక్టరు ఏమన్నాడో మాట్లాడుకున్నాం. తర్వాత ఆ అమ్మాయి మామూలు గొంతుతోనే అడిగింది.

"ఆ టైరు ఇచ్చి ఉంటే మేం పడకపోతుంటిమా సార్?"

"ఊకో బిడ్డా. సారు డ్యూటీ సారు చేసిండు" అన్నాడు మల్లేశం.

అడిగింది చదువుకునే పిల్ల. దాటవేయాలని అనిపించలేదు. "ఆ రోజు పడేవాళ్ళు కాదేమోనమ్మా. దానికి గీతలున్నాయి, అంత జారేది కాదు. కానీ అది ఎండలో ఏదో ఒకనాడు పగిలేది. అప్పుడు దెబ్బలు ఇంతకంటే పెద్దవి" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "మీ షెడ్డు బండికి టైరు ఖరాబైతే తాళమేసిన్రట గదా. నాన్న చెప్పిండు. మా బండి టైరు గూడ చూసిన్రు. మార్చుమని చెప్పిన్రు. మార్చేదాక నడపకని చెప్పలే."

"చెప్పినా వింటుంటినా నేను?" అన్నాడు మల్లేశం. "నిన్ను కాలేజీకి ఎవరు దించాలె మరి?"

"బస్సుల పోతుంటి" అంది.

ఆ ఇంట్లో టీ తాగి వచ్చేశాను. అతని మాట నిజమే, చెప్పినా వినేవాడు కాదేమో. ఆమె మాటా నిజమే.

మల్లేశం ఎముక అతుక్కుంది. కంట్రోల్ రూములో కూర్చునే పని ఇవ్వమని భద్రతాధికారిని అడిగాను. టైరు సంగతి మనసులో పెట్టుకోకుండా ఇచ్చారాయన. శిరీష మళ్ళీ ఆ బండి ఎక్కలేదు, బస్సులోనే వెళ్ళి చదువు ముగించింది. గస్తీ బండికి టైరు వచ్చాక తాళం తీయించి ఇంకో గార్డుకు ఇచ్చారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే నేను రిటైరయ్యాను.

ఆ టైరు కోయించడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఇవాళ అదే టైరు ఎదుట పెట్టినా కోయిస్తాను. అయితే బాగుచేయడమా, మార్చడమా అని జనం అడిగే ప్రశ్నలో ఒక భాగం లోపిస్తుంది, మార్చేదాకా నడపవచ్చా అన్నది. మార్చాలని తేలాక, కొత్తది వచ్చేదాకా బండి నిలబడాలి. షెడ్డులో అది చెప్పడం తేలిక, ఎందుకంటే అక్కడ బండి నిలిస్తే నడవాల్సింది వేరేవాళ్ళు. నా నిర్ణయానికి గేటు దగ్గర నిలబడ్డ మోకాలు నాది కాదు. సొంత బండి మీద బతుకు వెళ్ళదీసుకునే మనిషికి ఆ మాట చెప్పాలంటే, మరి రేపు పొద్దున ఎలా వెళ్తావని కూడా కూర్చోబెట్టి అడగాలి. అది అడగకుండా చెప్పే మార్చు అన్న మాట సలహా అవుతుంది గానీ నిర్ణయం కాదు. ఈ తేడా నాకు ఉద్యోగం చివర్లో తెలిసింది.